అరకులో ఐదుగురు

14 ఆగస్టు 2005, ఆదివారం

ఇవాళ ఒక అబద్ధం ఆడాను. అబద్ధం అనడం కూడా పెద్ద మాటేమో. ఒక ఫారం నింపాను, అంతే.

కొలంబో నుంచి, మా సాఫ్ట్‌వేర్ అనువాదాల పనంతా నడిపే నిలుకా గారి ఉత్తరం వచ్చింది. ఇకమీదట ఒక్కో భాషకి కనీసం ఐదుగురు పనిచేసేవాళ్ళు ఉండాలట. లేకపోతే ఆ భాషని పట్టికలోంచి తీసి పక్కన పెడతారట. "ఒక్కరే మోసే భాష, ఆ ఒక్కరికీ విసుగు పుట్టిన రోజున ఆగిపోతుంది" అని రాశారు. నిజమే తల్లీ. మరి ఒక్కళ్ళే ఉన్నవాళ్ళు ఏ గంగలో దూకాలో అది కూడా రాసి ఉంటే బాగుండేది.

హైదరాబాదులో తెలుగు కంప్యూటర్ పని చేసేవాళ్ళు ఉన్నారని విని మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. మా జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఆయన్ని అడిగితే, "దీనివల్ల కొండ కిందకి ట్రాన్స్‌ఫర్ ఏమైనా దొరుకుతుందా మేడం?" అన్నాడు.

బాలాజీ ఇంటర్నెట్ బూత్‌లో ఫారం తెరిచి కూర్చున్నాను. ఒకటో గడిలో హేమలత. కింద నాలుగు గళ్ళు ఖాళీ. బయట ఒకటే వాన. "లైను పోయేలాగుంది మేడం, బేగి కానీండి" అని బాలాజీ తొందర. చేతికొచ్చిన పేర్లు టైపు కొట్టేశాను. కనక, సుక్రు, సోంబరు, నీలవేణి. కనక ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి, నాకు కేరేజీ ఇచ్చేది ఆవిడే. సుక్రు మా కాలేజీ వాచ్‌మన్. సోంబరు నా గది యజమాని, కాఫీ పండిస్తాడు. నీలవేణి పోస్టాఫీసులో స్టాంపులు అమ్ముతుంది. నలుగురిలో ఒక్కరూ కంప్యూటర్ని ముట్టుకుని ఎరగరు.

ఒక నెల చూసి నిజం చెప్పేస్తాను.

21 ఆగస్టు

పట్టికలో తెలుగు ఉంది. నేపాలీకీ, లావోకీ మధ్యన. పక్కన కుండలీకరణాల్లో ఐదు.

పార్వతీపురం నుంచి అక్క ఫోను. "ఆదివారాలు ఏటి చేస్తున్నావే అక్కడ ఒక్కర్తివీ?" అంది. చెప్పాను. బడిపిల్లల కోసం లెక్కలూ బొమ్మలూ ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ఉందనీ, దాన్ని తయారుచేసినవాళ్ళు లోపలి కోడ్‌తో సహా ఊరికే ఇచ్చేస్తున్నారనీ, ఆసియా అంతటా పద్దెనిమిది భాషల వాళ్ళం ఎవరి భాషలోకి వాళ్ళం మార్చుకుంటున్నామనీ. అంతా విని, "అయితే నీకు జనం బాగానే ఉన్నారన్నమాట" అంది.

అవును అన్నాను.

11 సెప్టెంబరు

నిలుకా గారు చురక వేశారు. తెలుగు జట్టులో ఐదుగురున్నా మాట్లాడేది మీరొక్కరేనేం అని. సిగ్గేసింది. నలుగురికీ మెయిల్ ఖాతాలు తెరిచాను. సుక్రు పేరుతో, అన్ని జట్లకీ వెళ్ళే మెయిలింగ్ లిస్టుకి ఒక ఉత్తరం రాశాను. హేమలత గారి అనువాదం పాఠ్యపుస్తకంలా ఉంది, పిల్లలు చదవరు, మార్చాలి అని.

రాసి పంపాక ఉత్తరం నా పెట్టెలోకి వచ్చి పడింది. చదువుకుంటే కోపం వచ్చింది. పైగా నిజమనిపించింది.

25 సెప్టెంబరు

సుక్రు పట్టు వదలడు. మళ్ళీ దెబ్బలాడాడు. నేనూ ఊరుకోలేదు, గట్టిగానే జవాబిచ్చాను. నేపాల్ నుంచి ఒకాయన మధ్యలో వచ్చి మా ఇద్దరికీ సర్ది చెప్పాడు! నవ్వు ఆగలేదు. బాలాజీ తల తిప్పి చూశాడు.

కనక మంచిది. పని చేసి పంపిస్తుంది, ఎక్కువ మాట్లాడదు. నీలవేణి ప్రతి ఉత్తరం చివరా అందరి ఆరోగ్యం అడుగుతుంది. ఈ వారం నన్ను కూడా అడిగింది.

ఏం రాస్తున్నానో నాకు తెలుసు. నాకేం మతి పోలేదు.

26 సెప్టెంబరు

ఇవాళ క్లాసులో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. నిజమైన సుక్రు గేటు తీసి నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. రెండేళ్ళుగా మా ఇద్దరికీ అంతే.

4 అక్టోబరు

జ్వరం.

6 అక్టోబరు

చలి. మలేరియా అన్నారు. కనక జావ కాచి తెచ్చింది. తాగేదాకా కదల్లేదు.

7 అక్టోబరు

కనక వచ్చింది. సోంబరు గొంగడి ఇచ్చి వెళ్ళాడు. ఈ ఊళ్ళో చచ్చి పడున్నా అడిగేవాళ్ళు లేరు.

12 అక్టోబరు

లేచాను. కనక రోజూ రెండు పూటలా వచ్చింది. పాత్ర తిరిగిస్తూ థాంక్స్ అన్నాను. "ఏటది" అంది. ఏదో చెప్పబోయాను గానీ తనకి పొయ్యి మీద ఎసరుంది, వెళ్ళిపోయింది.

16 అక్టోబరు

బూత్‌కి వెళ్ళాను. నిలుకా గారి నుంచి రెండు ఉత్తరాలున్నాయి, ఏమైపోయారు అని. జ్వరమొచ్చిందని జవాబు నేనిచ్చాను, తరవాత సుక్రు ఇచ్చాడు, తరవాత కనకా సోంబరూ నీలవేణీ. హమ్మయ్య, అందరం క్షేమం.

20 నవంబరు

కొలంబోలో వచ్చే జూన్‌లో ఆసియా జట్లన్నీ కలుస్తాయి. పదిహేను భాషలకే చోటు. ఆఖరి చోటుకి తెలుగూ లావో పోటీ పడ్డాయి. వాళ్ళ తరఫున బున్‌మీ అనే బడిపంతులు ఉన్నాడు. "మేం ముగ్గురమే, గడువిచ్చినా ఐదుగురు దొరకలేదు, క్షమించాలి" అని రాశాడు పాపం. చోటు మాకొచ్చింది.

కష్టపడ్డాం, వచ్చింది. ఇందులో తప్పేముంది? ఏడొందల వాక్యాలు చేశాం. అవి అబద్ధం కాదుగా.

బున్‌మీ మమ్మల్ని అభినందిస్తూ ఐదుగురికీ పేరుపేరునా ఉత్తరాలు రాశాడు. ఐదూ విడివిడిగా తెరిచి చదివాను.

4 డిసెంబరు

బున్‌మీకి జవాబు రాయలేదు ఇంకా. సుక్రుతో రాయిద్దామనుకున్నాను. వాడూ రాయనన్నాడు.

19 ఫిబ్రవరి 2006

కొంప మునిగింది.

నిలుకా గారు వస్తున్నారు. విశాఖపట్నంలో ఏదో పని ఉందట, అక్కణ్ణుంచి అరకు దగ్గరే కదా, మీ జట్టుని కళ్ళారా చూడాలని ఉంది, ముఖ్యంగా ఆ సుక్రు గారిని అని రాశారు. ఏ వారం వీలు అని అడిగారు.

గంటసేపు బూత్‌లో గోడ చూస్తూ కూర్చున్నాను. ఆఖరికి ఏప్రిల్ మూడో వారం రమ్మన్నాను. అప్పుడైతే ఇక్కడ వాతావరణం బాగుంటుంది.

20 ఫిబ్రవరి

వాతావరణం కాదు. అప్పుడు ఇటుకల పండగ. మగవాళ్ళంతా వేటకని కొండెక్కేస్తారు, రోజుల తరబడి దిగరు. హాస్టల్‌కి సెలవు కాబట్టి కనక తన ఊరు వెళ్ళిపోతుంది. నీలవేణి కూడా పండగకి సెలవు పెడుతుంది. ఎవరూ దొరకరు. "అయ్యో, జట్టంతా పండగకి వెళ్ళిపోయింది" అనొచ్చు.

ఇంత తెలివి చదువుకునే రోజుల్లో ఉంటే ఎక్కడో ఉండేదాన్ని.

17 ఏప్రిల్, సోమవారం

వివరంగా రాస్తాను. రాయకపోతే రేపటికి ఇంకోలా చెప్పుకుంటాను.

కిరండూల్ పాసింజర్ దిగారు నిలుకా గారు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, తెల్ల జుట్టు, వీపున స్కూలు పిల్లల సంచి. నన్ను చూడగానే "హేమా!" అని కావలించుకున్నారు. నన్నలా ఎవరైనా పట్టుకుని ఎన్నేళ్ళయిందో. చెప్పాలనుకున్న మాట వదిలేసి ఆవిడని జీపు ఎక్కించాను.

కాలేజీ చూపించాను. అక్కడున్న, ఇంటర్నెట్ లేని నాలుగు కంప్యూటర్లూ చూపించాను. జట్టు పండగకి వెళ్ళిందని, కనక కూడా తన ఊరు వెళ్ళిపోయిందని చెప్పాను. "అయితే ఆ ఊరే పోదాం పద, పండగ కూడా చూసినట్టుంటుంది" అన్నారు. జీపు డ్రైవరు ధర్మ ఉత్సాహంగా "కనక వాళ్ళ ఊరే కదా మేడం, నాలుగు కిలోమీటర్లు" అన్నాడు. వాడి నోరు పడ!

ఊరి ముందు రోడ్డుకి అడ్డంగా దుంగ. ఆడవాళ్ళంతా వరసగా నిలబడి డప్పులతో పాటలు, ఏదో ఒకటి ఇస్తేగానీ బండిని వదలరు, పండగ రోజుల్లో అది వాళ్ళ హక్కు. వాళ్ళ ముందు కనక. తలలో పువ్వులు, ముఖాన పసుపు. హాస్టల్లో పొగలో చూసే కనక కాదు.

"మేడమూ! నువ్వా! రెండేళ్ళకి మా ఊరు తోవ దొరికినాదా?" అని ఒకటే నవ్వు. ఇక్కడివాళ్ళు ఎవరినైనా నువ్వనే అంటారు, అందులో చిన్నతనం లేదు.

నిలుకా గారు గబగబా దిగారు. "కనక? ఈవిడేనా కనక?" అని రెండు చేతులూ పట్టుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టారు. పనంతటిలో మీకు ఏది కష్టమనిపించిందో చెప్పండి అని.

అటు ఆవిడకి తెలుగు రాదు, ఇటు ఈవిడకి ఇంగ్లీషు రాదు. మధ్యలో ఉన్నది నేను.

"హాస్టల్ పనిలో ఏది కష్టం అని అడుగుతున్నారు" అన్నాను కనకతో.

"ఏటుంది, మూడొందల మందికి గంజి వార్చడమే. సేతులు పడిపోతాయి."

"పొడుగు వాక్యాలు కష్టమట" అన్నాను నిలుకా గారితో.

ఆవిడ తల ఊపి ఇంకో ప్రశ్న వేశారు. నేను ఇంకో అబద్ధం వేశాను. అలా నాలుగైదు. కనక నన్నే చూస్తోంది. తను చెప్పింది ఇంతుంటే నేను చెప్పేది అంతుందని కనిపెట్టడానికి ఇంగ్లీషు రానక్కర్లేదు.

ఇంతలో కొండ మీంచి వేటగాళ్ళు దిగారు. ఉత్త చేతులు. ఈ రోజుల్లో అడవిలో మాత్రం ఏముంది గనక. ఆడవాళ్ళు కేకలేస్తూ పేడనీళ్ళ బిందెలు ఎత్తుకున్నారు. ఉత్త చేతులతో వచ్చినవాళ్ళకి అదే మర్యాద, ఊరి పెద్దకైనా సరే. మగవాళ్ళు పారిపోలేదు. వరసగా నిలబడి నెత్తి మీద పోయించుకున్నారు. మా వాచ్‌మన్ సుక్రు కూడా. అరవై దాటిన ముసలాడు, గడ్డంలోంచి పేడనీళ్ళు కారుతుంటే పళ్ళు లేని నోటితో నవ్వుతూ, "ఏం దొరకనేదర్రా, ఉత్తినే తిరిగినాం" అని తనే అందరికీ చాటి చెబుతున్నాడు. ధర్మ పేరు పెట్టి పిలిచాడు. నిలుకా గారు విన్నారు.

ఆ పేడనీళ్ళలోనే నడుచుకుంటూ వెళ్ళి సుక్రు ముందు నిలబడ్డారు. "మీ ఉత్తరాలన్నీ దాచుకున్నాను" అన్నారు. సుక్రు రెండు చేతులూ జోడించి నా వైపు చూశాడు, ఏం చెప్పమంటావు తల్లీ అన్నట్టు.

ఈసారి దేన్నీ దేనిలోకీ మార్చలేకపోయాను.

నిలుకా గారు ఒక్క క్షణం నన్ను చూశారు. సంచీలోంచి పుస్తకాలు తీసి కనకకొకటి, సుక్రుకొకటి ఇచ్చారు. ఆసియా జట్లన్నిటి పేర్లతో అచ్చువేసిన పుస్తకం, ఎవరి పేరు వాళ్ళ లిపిలో. ఆ తరవాత ఊళ్ళో అన్నం తిన్నాం. ఏం తిన్నానో గుర్తులేదు.

మధ్యాహ్నం స్టేషన్లో చెప్పారు. "అక్టోబరులో నీకు జ్వరం వచ్చింది కదా. ఆ రెండు వారాలూ ఐదుగురూ ఒకేసారి మాట్లాడ్డం మానేశారు. మళ్ళీ ఒకే పూట ఐదుగురూ లేచారు. అప్పుడే అనుమానమొచ్చింది. కాదని తేలితే బాగుండునని వచ్చాను."

ఏడ్చాను. ప్లాట్‌ఫారం మీద, జనంలో. ఓదార్చలేదు ఆవిడ. "బున్‌మీ ముగ్గురమనే చెప్పాడు హేమా. నిజం చెప్పినందుకు వాడికి చోటు పోయింది. నేను ఎవరికీ చెప్పను. నువ్వే లిస్టుకి రాయి. నెలాఖరు దాకా చూస్తాను" అన్నారు. రైలు వచ్చేసింది.

18 ఏప్రిల్

రాయాలి.

20 ఏప్రిల్

రాస్తే ఏమవుతుంది? తెలుగు పట్టికలోంచి పోతుంది. పోనీ, పద్దెనిమిదిలో ఒకటి. కానీ ఆదివారం నేనెక్కడికి వెళ్ళాలి? "హేమా ఎలా ఉన్నావు" అని అడిగే పాతికమంది ఉన్నారు నాకు ఈ లోకంలో, వాళ్ళంతా ఆ లిస్టులోనే ఉన్నారు. ఇంత మోసం చేశాక ఎవరడుగుతారు?

కనక కోసం చూస్తున్నాను. హాస్టల్ తెరవలేదింకా.

23 ఏప్రిల్

బూత్‌కి వెళ్ళాను. రాయలేదు. సుక్రు పెట్టె తెరిచి మొదటి నుంచీ ఉత్తరాలన్నీ చదివాను. ఎంత బాగా దెబ్బలాడేవాడో. నలుగురి ఖాతాలూ మూసేశాను. సుక్రుది ఆఖర్న మూశాను.

26 ఏప్రిల్

కనక వచ్చింది. చేతిలో ఆ పుస్తకం. గుమ్మంలోనే కూర్చుంది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"ఏడు దాకా సదివినాను మేడమూ. నా పేరు నాను సదూకోగలను. ఇందల నా పేరెందుకుంది?"

చెప్పాను. ఫారం దగ్గర్నుంచి స్టేషన్ దాకా, ఏమీ దాచలేదు. ఎవరికైనా మొత్తం చెప్పడం ఇదే మొదలు. తిడుతుందనుకున్నాను. పుస్తకంలో తన పేరు మీద వేలు పెట్టింది.

"మాకాడ పోడు కొట్టాలంటే ఒక్కడి వల్ల అవదు. ఇంటింటికీ ఎళ్ళి గుమ్మంకాడ నిలబడి, రేపు నా పనికి రండర్రా అని పిలవాల. పిలిత్తే ఎవుడూ రానని అనడు. పిలవకుండా, ఫలానోళ్ళు నా పనికొచ్చినారని సెప్పుకున్నోడిని నానిప్పటిదాకా సూడనేదు."

"నీకు కంప్యూటర్ రాదు కదా కనకా, పిలిచి ఏం చెయ్యమనను?" అన్నాను.

"నీకు గంజి వార్చడం వొచ్చేటి? జొరంలో నువ్వు పిలవకపోయినా నానొచ్చినాను. నువ్వు పిలుత్తావేమోనని రెండేళ్ళు సూసినాం. సోంబరు అంటాడు, ఆ మేడానికి బయట బోలెడు జనం, మనతోటి ఏటి పని అని."

కళ్ళు తుడుచుకుంటుంటే, "ఏడవకు. నా పేరుతోటి నువ్వు ఏటేటి కూసినావో, ముందు అది సెప్పు" అంది. గుర్తున్నవన్నీ తెలుగులో చెప్పాను. రెండు చోట్ల నవ్వింది. ఒక చోట "నానలా అనను" అని కోప్పడింది.

వెళ్తూ వెళ్తూ, "ఉత్తరం రాసినప్పుడు నన్ను పిలు" అంది.

29 ఏప్రిల్

పొద్దున కనక వాళ్ళ ఊరు వెళ్ళాను, నడిచే. ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డాను. పిలవడానికి ఇంత సిగ్గేస్తుందని నాకు తెలీదు. ముప్పై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఒకళ్ళ గుమ్మం ముందు నిలబడి నా పనికి రా అని ఎప్పుడూ అడగలేదు. రెండుసార్లు వెనక్కి తిరిగాను. పక్కింటి ముసలమ్మ చూసి, "ఎవులే నువ్వు? కనక కోసమా? గట్టిగా పిలు, దానికి సెవుడు" అంది. కనకకి చెవుడేమీ లేదు.

పిలిచాను.

30 ఏప్రిల్, ఆదివారం

కనకతో కలిసి బూత్‌కి వెళ్ళాను. బాలాజీ ఇంకో కుర్చీ వేశాడు.

ముందు నా ఉత్తరం. ఐదుగురం కాదు, ఒక్కదాన్నే అని రాశాను. సుక్రు నేనే, నీలవేణి నేనే. కొలంబోలో చోటు బున్‌మీ గారికి ఇవ్వండి, అది మొదట్నుంచీ ఆయనదే. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. పంపేశాను. తల కొట్టేసినట్టయింది.

లేవబోతుంటే కనక చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "నీదయింది. ఇప్పుడు నాది" అంది. తన పేరుతో అన్ని ఉత్తరాలు వెళ్ళాయి గనక తనదంటూ ఒకటైనా వెళ్ళాలట. "నాను సెప్పింది సెప్పినట్టు రాయి. ఆ రోజు రోడ్డుమీద సేసినట్టు సెయ్యకు."

చెప్పింది. తెలుగులో ముందిక్కడ రాసుకుని, తరవాత ఇంగ్లీషులో పెట్టాను.

"నా పేరు కనక. హాస్టల్లో వొండుతాను. ఇన్నాళ్ళూ నా పేరుతోటి మీకొచ్చిన ఉత్తరాలు నాను రాయనేదు. ఇది నాను సెప్తన్నాను, మేడం రాత్తంది. ఆదోరం ఆదోరం మేడం మీకాడికే వొచ్చేది. మేడానికి మీరున్నారు గదా, మాతోటి పనేటని మేం ఊరుకున్నాం. మీరేమో మేడానికి మేం ఉన్నామని ఊరుకున్నారు. మేడం ఒక్కర్తీ కూకుని తినీది."

ఆఖరి ముక్క దగ్గర చేతులు ఆగిపోయాయి. ఇది వద్దులే కనకా అన్నాను.

"అది కూడా రాయి" అంది.

రాశాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. పంపాలంటే ఎక్కడ నొక్కాలో అడిగి, కనకే నొక్కింది.